సంతకం సరే, తలుపు ఎప్పుడు వేస్తారు?

(హనుమకొండలో జనవరి చివర్లో జరిగిన ఒక కుటుంబ కూటంలో, సింగరేణిలో పని చేసి రిటైరైన ఒక సంఘ పెద్ద మాట్లాడిన మాటలు ఇవి. ఆ సాయంత్రం రాలేకపోయినవాళ్ళు అడిగారని ఫోన్ రికార్డింగ్ విని టైపు చేశాం.)

అయ్యగారికి, అమ్మగారికి, పెద్దలకు, అన్నలకు, అక్కలకు, చెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు అందరికీ ప్రభువు నామంలో వందనాలు. వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ తమ్ముళ్ళు, ముందు చాపలు ఖాళీ ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఎవరినీ పేరు పెట్టి పిలవను, భయపడకండి. నేను దైవసేవకుణ్ణి కాదు, బైబిల్ కాలేజీ చదవలేదు, భూమి కింద బొగ్గు పని చేసి రిటైరై ఇక్కడ ఇల్లు కట్టుకున్న మనిషిని, కాబట్టి ఇంటి అరుగు మీద కూర్చొని మాట్లాడుకున్నట్టే మాట్లాడుకుందాం.

ముందు ఒక మాట అడుగుతాను. డిసెంబరు 31 రాత్రి మనమందరం వాచ్ నైట్‌కు వచ్చాం గదా. పన్నెండు కొట్టగానే చేతులు కలుపుకున్నాం, కేకు తిన్నాం, వాగ్దానపు కార్డు తీసుకున్నాం. ఆ కార్డు మీద వచ్చిన వాక్యం ఎంతమందికి గుర్తుంది? చేతులు బాగానే లేచాయి, స్తోత్రం. మరి అదే రాత్రి మోకాళ్ళ మీద ఉండి మీరు దేవునికి ఇచ్చిన మాట ఏమిటి, అది ఎంతమందికి గుర్తుంది? చూడండి, చేతులు ఎట్లా తగ్గిపోయాయో. దేవుడు మనకిచ్చిన వాగ్దానాన్ని ఫ్రిజ్ మీద అంటించుకున్నాం, మనం దేవునికిచ్చిన వాగ్దానాన్ని చాప మీదే వదిలేసి ఇంటికి పోయాం.

ఎందుకు ఇట్లా అవుతుంది? ఆ రాత్రి ఏడ్చినవాళ్ళ కన్నీళ్ళు అబద్ధమా? నేను ఒప్పుకోను. ఆ కన్నీళ్ళు నిజమే. మరి రెండు వారాలకే, పండక్కి అల్లుడు వచ్చాడని సీసా మూత ఎట్లా తెరుచుకుంది? నవ్వకండి, నవ్విన ఇళ్ళల్లోనే తెరుచుకుంది. ఆ రాత్రి మాట ఎట్లా ఇచ్చామో ఒకసారి గుర్తు చేసుకోండి. "ప్రభువా, ఈ సంవత్సరం నీకు ఇష్టమైనట్టు బతుకుతాను." "ప్రభువా, నా కోపం తీసెయ్యి." "ప్రభువా, ప్రార్థనలో ఎదుగుతాను." మంచి మాటలే, నేనూ అవే అంటాను. కానీ ఈ మాటల్లో సోమవారం ఉందా? సాయంత్రం ఏడు గంటలు ఉందా? డ్యూటీ దిగి వచ్చే దారిలో ఉన్న బెల్టు షాపు ఉందా? మనం ఎప్పుడు పడినా ఏదో ఒక చోటే, ఏదో ఒక వేళకే పడతాం. ఇక పడను అని దేవునికి చెప్పే మాటలో మాత్రం చోటు ఉండదు, వేళ ఉండదు.

లూకా సువార్త 3వ అధ్యాయం చూడండి. యోర్దాను దగ్గర బాప్తిస్మమిచ్చే యోహాను గట్టిగా ప్రసంగం చేశాడు, సర్పసంతానమా అని కూడా తిట్టాడు. జనం ఏమడిగారు? "మేమేమి చేయవలెను" అని అడిగారు. ఆ ప్రశ్నకు యోహాను ఇచ్చిన జవాబు నాకు మస్తు ఇష్టం. పన్ను వసూలు చేసేవాళ్ళకు ఒక జవాబు: మీకు నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దు. సిపాయిలకు ఇంకొకటి: ఎవరినీ బాధపెట్టొద్దు, అపనింద వేయొద్దు, మీ జీతంతో తృప్తిగా ఉండండి. రెండు అంగీలున్నవాడికి ఇంకొకటి: ఒకటి లేనివాడికివ్వు. ఉద్యోగం మానెయ్యమన్నాడా? అరణ్యంలో నాతో పాటు మిడతలు తినండి అన్నాడా? లేదు. ఎవరు ఏ పనిలో ఉన్నారో, ఆ పనిలో వాళ్ళ చెయ్యి ఎక్కడ జారుతుందో అక్కడే వేలు పెట్టి చూపించాడు. మారుమనస్సుకు తగిన ఫలం అంటే ఆయన లెక్కలో అంగీల సంఖ్య, వసూలు రేటు, నెల జీతం. ఇవన్నీ లెక్క పెట్టి చూడగలిగేవి.

యోహాను ఇవాళ వచ్చి కాజీపేట చౌరస్తాలో నిలబడితే మనకు ఏం చెప్తాడు? ఆటో నడిపే తమ్ముడికి, రాత్రి రైలు దిగిన ముసలమ్మ దగ్గర డబుల్ అడగకు అంటాడు. గిరిగిరి ఫైనాన్స్ నడిపే అన్నకు, చేతికి తక్కువ ఇచ్చి కాగితం మీద ఎక్కువ రాయకు అంటాడు. ఆఫీసులో కూర్చునే తమ్ముడికి, ఆ ఫైలు కదిలించడానికే నీకు జీతమిస్తున్నారు అంటాడు. మా వయసు మగవాళ్ళకు, అన్నం ఆలస్యమైతే పళ్ళెం నెట్టెయ్యకు అంటాడు. అక్కలకు ఏం చెప్తాడో నేను చెప్పను, మీలో మీరు చెప్పుకోండి.

సరే, ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నెహెమ్యా గ్రంథం. నెహెమ్యా అనగానే మనందరికీ గోడ గుర్తొస్తుంది, 52 దినాల్లో యెరూషలేము గోడ కట్టారు, ఆమేన్, అంతే. చందాలు అడగాల్సినప్పుడల్లా ఆ గోడ ప్రసంగం వింటూనే ఉన్నాం. (అయ్యగారూ, మిమ్మల్ని అనడం లేదు.) గోడ తర్వాత ఏం జరిగిందో ఎంతమంది చదివారు? ఆ గ్రంథంలో 13 అధ్యాయాలు ఉన్నాయి, గోడ ఆరో అధ్యాయంలోనే పూర్తైంది.

9, 10 అధ్యాయాల్లో జనం చేసింది ఒక రకంగా వాళ్ళ వాచ్ నైట్. ఉపవాసం ఉన్నారు, గోనెపట్టలు కట్టుకున్నారు, తల మీద ధూళి పోసుకున్నారు, పాపాలు ఒప్పుకున్నారు. ఆ తర్వాత మనం చేయని పని ఒకటి చేశారు, మాటను కాగితం మీద పెట్టారు. పెద్దలు, మందిర సేవ చేసే లేవీయులు, యాజకులు ముద్రలు వేశారు, 10వ అధ్యాయంలో 80కి పైగా పేర్లున్నాయి. ఏం రాసుకున్నారు? విశ్రాంతి దినాన బయటివాళ్ళు సరుకులు తెస్తే కొనం. మందిరపు పనికి ఏటా తులంలో మూడో వంతు ఇస్తాం. బలిపీఠానికి కట్టెలు ఎవరు ఎప్పుడు తేవాలో చీట్లు వేసుకుంటాం. లేవీయులకు పదో భాగం ఇస్తాం. చివరి మాటేమిటి? మా దేవుని మందిరాన్ని విడిచిపెట్టం. ఎంత మంచి తీర్మానం! మనకంటే చాలా నయం, వాళ్ళ తీర్మానంలో కట్టెలు కూడా ఉన్నాయి.

తర్వాత నెహెమ్యా తాను కొలువు చేసే పారసీక రాజు దగ్గరికి తిరిగి వెళ్ళాడు. కొంతకాలానికి మళ్ళీ యెరూషలేముకు వచ్చి చూస్తే ఏముంది? 13వ అధ్యాయం తిప్పండి. మందిరంలో అర్పణలు పెట్టుకునే గది ఖాళీ చేసి శత్రువైన టోబీయాకు ఇచ్చారు. లేవీయులకు భాగం అందక ఎవరి పొలానికి వాళ్ళు వెళ్ళిపోయారు. విశ్రాంతి దినాన ద్రాక్షగానుగలు తొక్కుతున్నారు, గాడిదల మీద ధాన్యం మోపుతున్నారు, తూరువాళ్ళు చేపలు తెచ్చి అమ్ముతుంటే కొంటున్నారు. సంతకం పెట్టిన ప్రతి షరతూ పోయింది. విడిచిపెట్టం అని ముద్ర వేసినవాళ్ళనే నెహెమ్యా అడగాల్సి వచ్చింది, దేవుని మందిరాన్ని ఎందుకు విడిచిపెట్టారు అని.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. నెహెమ్యా ఇంకో కన్నీటి కూటం పెట్టించాడా? ఇంకో కాగితం మీద ముద్ర వేయించాడా? కోప్పడ్డాడు, నిజమే, కొంతమందిని కొట్టి జుట్టు పీకాడని 25వ వచనంలో ఉంది, అది మాత్రం మీరు ఇంట్లో అమలు చేయకండి. విశ్రాంతి దినం విషయంలో ఆయన చేసిన పని 19వ వచనంలో ఉంది. విశ్రాంతి దినానికి ముందు సాయంత్రం, చీకటి పడుతుండగానే గుమ్మాల తలుపులు మూయించాడు. రేపు గడిచేదాకా తీయొద్దన్నాడు. తన పనివాళ్ళను కాపలా పెట్టాడు. అంతే. పదో అధ్యాయంలో సంతకం పెట్టారు, పదమూడో అధ్యాయంలో తలుపు వేశారు. ఇంటికి పోయాక ఇంకేమీ గుర్తు లేకపోయినా ఈ రెండు మాటలు ఊళ్ళో చెప్పుకోండి.

చీకటి పడుతుండగానే అనే మాట చూడండి. చేపల బుట్ట లోపలికి వచ్చాక, వాసన ముక్కుకు తగిలాక, పిల్లలు కొనమని చెయ్యి పట్టి లాగుతుంటే అప్పుడు నిలబడండి అనలేదు ఆయన. ఆ బుట్ట ఊళ్ళోకే రాకుండా ముందు రోజే ఏర్పాటు చేశాడు. మనమేం చేస్తాం? దావత్‌లో అందరి మధ్య కూర్చొని, ముందు ముక్క, పక్కన బావ, చేతిలో గ్లాసు పెట్టాక, అప్పుడు ప్రార్థన చేసుకుంటాం, ప్రభువా శక్తినివ్వు అని. శక్తి ఇవ్వడా అంటే ఇస్తాడు. కానీ సాయంత్రం నాలుగింటికి నీకు బుద్ధి ఇచ్చాడు గదా, దాన్నేం చేశావు? దావత్‌కు పోక తప్పదనుకో, పెళ్ళిచూపులో, దినమో, పోకపోతే చుట్టాలు మాటలంటారు. మధ్యాహ్నమే పో, పిల్లల్ని తీసుకొని పో, తిను, కట్నం చదివించు, పొద్దు గూకకముందే బండి ఎక్కు. బావ అలుగుతాడు. అలగనీ. నాలుగు నెలల్లో ఆయనే వస్తాడు.

20, 21 వచనాలు కూడా వదలొద్దు. తలుపులు వేశాక వర్తకులు ఏం చేశారు? పోలేదు. ఒకటి రెండుసార్లు గోడ బయటే రాత్రంతా పడుకున్నారు. పొద్దున్నే తీస్తారేమోనని. కొత్తగా మానేసినప్పుడు ఇది జరుగుతుందని ముందే తెలుసుకోండి. ఫోన్ తీసేశాక చేతులు దురద పెడతాయి, పాత దోస్తు రెండేళ్ళుగా చేయనివాడు ఆ వారమే ఫోన్ చేస్తాడు, బెట్టింగ్ యాప్ తీసేస్తే ఫ్రీ పాయింట్లని మెసేజ్ వస్తుంది. దేవుడు నా ప్రార్థన వినలేదేమో అనుకోకండి. వాళ్ళు గోడ బయట పడుకున్నారు, అంతే. తలుపు తీయకపోతే పోతారు. నెహెమ్యా వాళ్ళను గదమాయిస్తే అప్పటి నుంచి రాలేదని అక్కడే రాసి ఉంది.

కొంతమంది భక్తిగలవాళ్ళు నన్ను అడుగుతారు, అన్నా, మనుషుల్ని మార్చేది పరిశుద్ధాత్మ దేవుడు గదా, ఈ ప్లాన్లు, టైములు, కాగితాలు శరీరసంబంధమైన పనులు కావా అని. మంచి ప్రశ్నే, దీన్ని దాటేసి పోవద్దు. క్రీస్తు లేకుండా ఏ ఏర్పాటూ నన్ను కొత్త మనిషిని చేయదు, ఆ మాట దగ్గర నాకు అనుమానం లేదు. కానీ అదే నెహెమ్యా నాలుగో అధ్యాయంలో, శత్రువులు వస్తున్నారంటే ఏం చేశారో చూడండి, దేవునికి ప్రార్థన చేసి, రాత్రింబగళ్ళు కావలి పెట్టారు. రెండూ ఒకే వచనంలో ఉన్నాయి. మొదటి అధ్యాయంలో కిస్లేవు నెల నుంచి ప్రార్థన చేస్తూ వచ్చిన మనిషి, నీసాను నెలలో రాజు ఏం కావాలని అడగగానే ఎన్నాళ్ళు పడుతుందో చెప్పాడు, దారిలో అధికారులకు ఉత్తరాలు అడిగాడు, దూలాలకు మాను ఇవ్వమని అడవి అధికారి పేరు చెప్పి మరీ అడిగాడు. ఆ నాలుగు నెలలు ఉట్టిగా ఏడుస్తూ కూర్చోలేదు, లెక్క వేసుకున్నాడు. 13వ అధ్యాయంలో తాను చక్కబెట్టిన పనుల సంగతి చెప్తూ మధ్య మధ్య ఆగి, నా దేవా నన్ను జ్ఞాపకముంచుకో అంటాడు. ప్రభువైన యేసు కూడా చెప్పాడు గదా, గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చొని ఖర్చు లెక్క చూసుకోడా అని. కూర్చొని అన్నాడు. నిలబడి చేతులెత్తి అనలేదు. లెక్క చూసుకోవడం అవిశ్వాసమైతే ఆ మాట ఆయన చెప్పేవాడే కాదు.

ఇంకో సంగతి, ఎన్ని రోజులు పడుతుంది? మన దగ్గర 21 రోజుల ఉపవాస ప్రార్థనలు బాగా అలవాటు. దానియేలు మూడు వారాలు దుఃఖపడ్డాడు కాబట్టి ఆ లెక్క. ఉపవాసం ఉండండి, మంచిదే. కానీ 22వ రోజు పొద్దున లేచేసరికి పాత మనిషి పోయి ఉంటాడని ఎవరు చెప్పారు? ఏ అలవాటైనా 21 రోజుల్లో స్థిరపడుతుందని వాట్సాప్‌లో కూడా తిరుగుతుంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీవాళ్ళు 96 మందిని తీసుకొని పరీక్ష చేశారు, తిన్నాక ఒక పండు తినడం, నీళ్ళు తాగడం, కొంచెం నడవడం లాంటి చిన్న చిన్న అలవాట్లు. అది తనంతట తానే జరిగే అలవాటు కావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు సరిపోతే కొందరికి 254 రోజుల లెక్క వచ్చింది. నీళ్ళు తాగే అలవాటుకే అంత తేడా ఉంటే, ఇరవై ఏళ్ళ కోపానికి ఎన్ని రోజులు? ఆ పరీక్షలోనే ఇంకొకటి తేలింది, మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పెద్దగా దెబ్బతినలేదు. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను దీని దగ్గరికి.

బైబిల్లో ఇది లేదా? నిర్గమకాండం 23లో దేవుడే అంటాడు, కనానులో ఉన్నవాళ్ళను ఒక్క సంవత్సరంలోనే వెళ్ళగొట్టను, క్రమక్రమంగా వెళ్ళగొడతాను. ఎందుకు? ఒక్కసారిగా పంపిస్తే దేశం పాడుపడి అడవి మృగాలు పెరిగిపోతాయని. సర్వశక్తిమంతుడు తన ప్లాన్‌లో ఒక్క సంవత్సరం చాలదు అని రాసుకుంటే, మనం వాచ్ నైట్ నుంచి ఉగాదికల్లా అన్నీ మారిపోవాలంటాం. ఒక్కటి ఎంచుకోండి. ఈ సంవత్సరానికి ఒక్కటి. తాగుడు, కోపం, అప్పు, ఫోన్, బైబిల్ చదవకపోవడం, అత్తతో మాట్లాడకపోవడం, ఆరూ కలిపి మార్చేస్తాను అన్నవాడిని చూస్తే నాకు భయమేస్తుంది.

ఇప్పుడు తాగుడు గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే ఇక్కడ ప్రాణాలు పోతాయి. రోజూ తాగేవాడు, పొద్దున లేవగానే చెయ్యి వణికి ఒక గుక్క వేస్తే గాని నిలబడనివాడు, కూటానికి వచ్చి, చెయ్యి పైకెత్తి, ఇవాళ్టి నుంచి ముట్టను అని ఇంటికి పోయాడనుకోండి. మనం చప్పట్లు కొట్టి పంపిస్తాం. ఏం జరుగుతుందో తెలుసా? ఆఖరిసారి తాగిన ఆరు గంటల నుంచి ఒక రోజు లోపల చెమటలు, వణుకు, నిద్ర లేకపోవడం మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొంతమందికి లేనివి కనబడతాయి, గోడ మీద పురుగులంటారు, ఎవరో పిలుస్తున్నారంటారు, మనుషుల్ని గుర్తుపట్టరు. దానికి వైద్యం అందకపోతే మనిషి చచ్చిపోవచ్చు. మనం ఏం చేస్తాం? దయ్యం పట్టిందంటాం! తైలం తెస్తాం, తలుపులు వేసి రాత్రంతా గద్దిస్తాం. అన్నలారా, అది దయ్యం కాదు, ఒంట్లో మందు ఆగిపోయిన మెదడు. ప్రార్థన చేయండి, అంబులెన్స్‌లో కూర్చొని చేయండి. 108కి ఫోన్ కొట్టండి, వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి తీసుకుపోండి. మానాలనుకున్నవాడు మానకముందే డాక్టరును కలిస్తే, వాళ్ళు మందులిచ్చి వారం పది రోజులు చూసుకుంటూ మాన్పిస్తారు.

కల్లు తాగేవాళ్ళు, అది చెట్టు కల్లే గదా అనుకోకండి. చాలాచోట్ల దాంట్లో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నారు, అవి నిద్రమాత్రల జాతి. 2015లో దాడులు జరిగి కల్తీ కల్లు ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ దిక్కు ఎంతమంది ఫిట్స్‌తో, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూ ఆస్పత్రులకు వచ్చారో పేపర్లలో చదివాం గదా. కాబట్టి కల్లు కాంపౌండుకు రోజూ పోయే మన అమ్మలు, తాతలు కూడా డాక్టరుకు చెప్పే మానాలి. ఇంటి నుంచి కదలలేకపోతే 14416 టెలిమానస్ నంబరు ఉంది, ప్రభుత్వానిది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. మత్తు మాన్పించడానికి ప్రత్యేకంగా 14446 కూడా ఉంది. రాసుకోండి. మందులు వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు అని ఎవరైనా అంటే, లూకా వైద్యుడని చెప్పండి వాళ్ళకు.

మానాక ఏం చేయాలి? మత్తయి 12లో ప్రభువు చెప్పిన మాట, ఒక అపవిత్రాత్మ మనిషిని వదిలిపోయి, తిరిగొచ్చి చూస్తే ఇల్లు ఊడ్చి, అమర్చి, ఖాళీగా ఉంది. అప్పుడు ఇంకో ఏడింటిని వెంటబెట్టుకొని వచ్చింది. ఖాళీ! అదే సమస్య. సాయంత్రం ఏడు నుంచి పది దాకా బెల్టు షాపు దగ్గర గడిపినవాడికి ఆ మూడు గంటలు ఇప్పుడు ఏం చేయాలో తెలియదు. ఇంట్లో కూర్చుంటే టీవీ, పెళ్ళాంతో గొడవ, పిల్లలు భయంగా చూస్తారు. ఆ మూడు గంటలకు మనం ఏం పెట్టాం? ఆదివారం పొద్దున రెండు గంటలు పెట్టాం. వాడికి ఆదివారం పొద్దున ఏ ఇబ్బందీ లేదు.

ఇక్కడ మీకొక సంగతి చెప్తాను, ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది, ఎందుకంటే ఇది నాలాంటి బొగ్గు పనివాళ్ళ కథ. మనం చేసే వాచ్ నైట్ ఎక్కడ నుంచి వచ్చింది? ఇంగ్లండులో బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్ అని ఒక ఊరు, బొగ్గు గనుల ఊరు, మన గోదావరిఖని, భూపాలపల్లి అనుకోండి. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ ప్రసంగాలు విని మారిన కార్మికులు, వాళ్ళు ఏం చేశారంటే, ఇదివరకు శనివారం రాత్రి సారా దుకాణంలో గడిపే ఆ సమయాన్నే తీసుకొని, బడిలో కూడుకొని రాత్రి చాలాసేపు ప్రార్థనలో, పాటల్లో గడపడం మొదలుపెట్టారు. 1740ల మొదట్లో. ఇది ఆపించండి అని కొందరు వెస్లీకి చెబితే, ఆయన ఆపలేదు, తానే వచ్చి నడిపించాడు. అప్పుడు అది ఏడాదికి ఒక్క రాత్రి కాదు, నెలనెలా జరిగేది. చూడండి, ఏ రాత్రి పడిపోయేవాళ్ళో ఆ రాత్రినే పట్టుకున్నారు. అది కేకు కోసే రాత్రిగా ఎప్పుడు మారిందో గాని, పుట్టింది మాత్రం తాగుబోతుల శనివారం రాత్రిలో. సింగరేణిలో జీతం పడిన రోజు సాయంత్రం ఎట్లుంటుందో నాకు తెలుసు, మీలో చాలామందికి తెలుసు. ఆ సాయంత్రం మన చర్చి గేటుకు తాళం ఎందుకు ఉంటుంది?

వెస్లీ దగ్గరే ఇంకొకటి ఉంది. బ్రిస్టల్‌లో కట్టిన మందిరానికి 1742 నాటికి ఇంకా అప్పు మిగిలింది. అప్పు తీర్చాలంటే మనిషికి వారానికి ఒక పెన్నీ ఇద్దామన్నారు. పేదవాళ్ళు ఇవ్వలేరు గదా అంటే, ఒక ఆయన లేచి, నాకు ఓ పదకొండు మంది పేదల్ని అప్పగించండి, వారం వారం వాళ్ళ ఇంటికి పోతాను, ఇస్తే తీసుకుంటాను, లేకపోతే నేనే వేస్తాను అన్నాడు. అట్లా పన్నెండేసి మందికి ఒకరు. పైసల కోసం ఇంటింటికీ తిరిగితే ఏం బయటపడింది? ఫలానా ఆయన మళ్ళీ తాగుతున్నాడు, ఫలానా ఇంట్లో మొగుడూపెళ్ళాం కొట్టుకుంటున్నారు. వెస్లీకి అప్పుడు అర్థమైంది, పైసలకంటే ఈ పలకరింపే కావాలని. దాన్నే క్లాస్ మీటింగ్ అన్నారు. మన కరీంనగర్, మెదక్ వైపు సంఘాలు ఆ వెస్లీ మిషన్ వేసిన విత్తనాలే, ఇక్కడ హనుమకొండలో మనం బాప్టిస్టు మిషన్ వాళ్ళం అనుకోండి, అయినా మంచి పద్ధతి ఎక్కడున్నా తీసుకోవాలి.

అక్కలారా, ఇది మీకు కొత్త కాదు గదా. డ్వాక్రా సంఘంలో మీరు చేస్తున్నది ఇదే. వారం పొదుపు కట్టకపోతే లీడరమ్మ ఇంటికొచ్చి అడగదా, ఏమైంది, ఒంట్లో బాగాలేదా, ఆయన పైసలు తీసుకున్నాడా అని? బ్యాంకు అప్పు వసూలు కావడానికి మనకు అంత చక్కటి పద్ధతి ఉంది. ఆత్మ సంగతి అడగడానికి మాత్రం ఎవరూ రారు. బాగున్నారా బ్రదర్, బాగున్నాను ప్రైజ్ ది లార్డ్, అయిపోయింది. ఒకరి పాపాలు ఒకరితో ఒప్పుకోండి అని యాకోబు రాసింది మన సంఘంలో ఎవరికైనా ఎప్పుడైనా వాడుకలో ఉందా? ఒప్పుకుంటే మంగళవారానికల్లా ఊరంతా తెలుస్తుందని భయం. ఆ భయం ఉట్టిది కాదు, నిజమే తెలుస్తుంది. అందుకే ముగ్గురు చాలు, నోరు కట్టుకునే ముగ్గురు. విన్న మాట బయట పెట్టినవాడు ఆ ముగ్గురిలో ఇక ఉండకూడదు, అంత కచ్చితంగా ఉండాలి.

ఒకటి మాత్రం చెప్పాలి, కాపలా మనిషిగా భార్యను పెట్టకండి. ఆమెకు పోలీసు ఉద్యోగం ఇవ్వొద్దు. జేబులు వెతికేది ఆమె, నోరు వాసన చూసేది ఆమె, రాత్రి ఎదురు చూసేది ఆమె, పైగా ఆయన పడిపోతే నీ ప్రార్థన చాలలేదమ్మా అని మనం ఆమెనే అంటాం. మగవాడికి కాపలా మగవాడే ఉండాలి. ఇంకో మాట, ఇంట్లో చెయ్యి ఎత్తేవాడు ఉంటే, అతను మారేదాకా సహించు చెల్లీ అని ఏ పెద్దమనిషీ చెప్పకూడదు, నేను చెప్పను. 181 నంబరు ఆడవాళ్ళ కోసమే ఉంది, పగలైనా రాత్రైనా. అతని మార్పుకు ఏడాది పట్టవచ్చు, ఆమె దెబ్బలు ఇవాళే ఆగాలి. ఈ రెండు లెక్కలు వేరు.

ఇక పడిపోతే? ఇందాక మళ్ళీ వస్తానన్నాను గదా. పడిపోయిన రోజుకు ప్లాన్ లేకపోతే మన ప్లాన్ సగమే. పేతురు ఏమన్నాడు? చావవలసి వచ్చినా నిన్ను ఎరుగనని చెప్పను అన్నాడు. ఎంత గట్టి తీర్మానం! ప్రభువు అతనితో, కాదు పేతురూ నువ్వు పడవు అన్నాడా? కోడి కూయకముందే మూడుసార్లు పడతావు అన్నాడు. అక్కడితో ఆపలేదు, లూకా 22లో చూడండి, నీ నమ్మిక తప్పిపోకుండా నీ కోసం వేడుకున్నాను, నీ మనసు తిరిగిన తర్వాత నీ సహోదరులను స్థిరపరచు అన్నాడు. పడకముందే, లేచాక చేయాల్సిన పని కూడా అప్పగించేశాడు! పడటం ఆయన లెక్కలో ముందే ఉంది. మన లెక్కలో ఎందుకు లేదు? ఆరు వారాలు మానినవాడు ఒక శనివారం తాగాడు. ఆదివారం చర్చికి రాడు, సిగ్గు. తర్వాతి ఆదివారం కూడా రాడు. మనం ఏమంటాం, చూశావా, కుక్క తోక అంటాం. ఆ ఒక్క శనివారంతో నష్టం చిన్నదే, దాని తర్వాత ఇంట్లో దాక్కున్న నెల రోజులతో మనిషి పోతాడు. అందుకే ముందే రాసుకోండి: పడితే, 24 గంటల్లో ఫలానా అన్నకు ఫోన్ చేస్తాను. సాకులు చెప్పను, పడ్డాను అంటాను. ఆ అన్న కూడా ప్రసంగం చేయకూడదు. ఎక్కడ పడ్డావు, ఎన్ని గంటలకు, ఏ తలుపు తెరిచి ఉంది, ఈ మూడే అడగాలి, ప్రార్థన చేయాలి, రేపు ఆ వేళకు నేను నీ ఇంటి దగ్గర ఉంటాను అనాలి.

సరే, నేను ఎక్కువ టైం తీసుకున్నాను, అమ్మగారు గడియారం చూస్తున్నారు. తమ్ముళ్ళు కాగితాలు పంచుతున్నారు, ఇంటికి తీసుకుపోయి రాస్తామంటే ఒప్పుకోను, ఇక్కడే రాయండి. ఒక్క సంగతే ఎంచుకోండి. అది ఏ వేళ, ఏ చోట జరుగుతుందో రాయండి. దానికి ముందు చీకటి పడకముందే వేయాల్సిన తలుపు ఏది? ఆటో స్టాండు నుంచి వేరే గల్లీలో రావడమా, జీతం కార్డు ఇంటావిడ పేరున ఉన్న ఖాతాకు మార్చడమా, రాత్రి పదింటికి ఫోన్ వంటింట్లో ఛార్జింగ్ పెట్టి పడుకోవడమా, మీకే తెలుస్తుంది. ఆ ఖాళీ గంటలో ఏం పెడతారు? పడితే ఎవరికి ఫోన్ చేస్తారు? చదవడం రానివాళ్ళకు పక్కవాళ్ళు రాసి పెట్టండి, కానీ రాసింది బయట చెప్పొద్దు. మగవాళ్ళు మగవాళ్ళతో, ఆడవాళ్ళు ఆడవాళ్ళతో ముగ్గురేసి కూర్చోండి, ఒకే ఇంటివాళ్ళు ఒకే గుంపులో వద్దు. వచ్చే శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి ఇదే చోట కలుద్దాం, ప్రసంగం ఉండదు, ఎవరి ముగ్గురితో వాళ్ళు మాట్లాడుకోవడమే, తాళం చెవి నా దగ్గర ఉంటుంది. నెలాఖరు జీతాల రోజు సాయంత్రం ఆరు నుంచే తీసి పెడతాను. పెన్ను లేనివాళ్ళు చెయ్యెత్తండి.